తెర దాటి వచ్చిన ఆటలు

2021 జూలై 23. టోక్యోలో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. కరోనా కారణంగా ప్రేక్షకులను రానివ్వని ఆ పెద్ద స్టేడియంలోకి రెండు వందలకు పైగా జట్లు ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చాయి. మేరీ కోమ్, మన్‌ప్రీత్ సింగ్ జెండా పట్టుకోగా మన జట్టూ అలాగే నడిచింది. ఆ కవాతు సాగినంతసేపూ ఆర్కెస్ట్రా సంగీతం మోగుతూనే ఉంది. అది ఎవరి సంగీతమని మన ఇళ్లలో టీవీ చూసినవాళ్లకు సందేహం వచ్చి ఉండవచ్చు. జపాన్ వాళ్లకు మాత్రం ఆ సందేహమే రాలేదు. తొలి బూరల మోతకే గుర్తుపట్టేశారు. అది 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అనే వీడియో గేమ్ సంగీతం. దాని వెంటే 'ఫైనల్ ఫాంటసీ', 'మాన్‌స్టర్ హంటర్', 'క్రోనో ట్రిగ్గర్', 'సోనిక్' వచ్చాయి. కవాతు మొత్తం ఆటల సంగీతం మీదే నడిచింది.

లోకమంతా చూసే ఆ కొన్ని గంటల్లో ఏం వినిపించాలన్నది ఏ దేశమైనా ఆచితూచి నిర్ణయించుకుంటుంది. అదే వేడుకలో ఒక కబుకి నటుడి ప్రదర్శన కూడా ఉంది. అంటే, నాలుగు వందల ఏళ్ల నాటకకళ పక్కన నలభై ఏళ్లైనా నిండని ఆటల సంగీతానికి సరిసమానమైన పీట వేశారన్నమాట. అంతకు ఐదేళ్ల ముందు, రియో ఒలింపిక్స్ ముగింపు వేడుకలో అప్పటి జపాన్ ప్రధాని షింజో అబే ఎర్రటోపీ పెట్టుకుని, వీడియో గేమ్ పాత్ర మారియో వేషంలో ఒక ఆకుపచ్చ గొట్టంలోంచి పైకి వచ్చారు.

వీడియో గేమ్ అనగానే మన దగ్గర రెండే లెక్కలు తీస్తారు. పిల్లల చదువు ఎంత పాడైందన్నది ఒకటి, కంపెనీలు ఎంత సంపాదించాయన్నది రెండోది. మొదటి లెక్కను కొట్టిపారేయడానికి లేదు. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. పిల్లల నిద్ర గురించి, కళ్ల గురించి తల్లిదండ్రులు పడే ఆందోళన నిజమైనదే. అయితే మూడో లెక్క ఒకటి ఉంది, దాన్ని తీసేవాళ్లు తక్కువ. దశాబ్దాల తరబడి వచ్చిన ఈ ఆటల సిరీస్‌లు మనుషుల సంగీతంలో, సైన్సులో, జ్ఞాపకాల్లో ఏం మిగిల్చాయన్నదే ఆ లెక్క. ఈ ప్రసంగం దాని గురించే.

మారియోతో మొదలుపెడదాం. నింటెండో 1889లో క్యోటోలో పుట్టిన కంపెనీ. అప్పట్లో అది తయారుచేసింది పూల బొమ్మల పేకముక్కలు. 1981లో ఆ కంపెనీ 'డాంకీ కాంగ్' అనే ఆట తెచ్చింది. దాన్ని రూపొందించిన యువకుడు షిగెరు మియమోతో. ఆ రోజుల్లో తెర మీద ఒక మనిషి బొమ్మకు దొరికేది గుప్పెడు చుక్కల చోటే. అంత చిన్న ముఖంలో నోరు తెలియదు కనుక కింద మీసం పెట్టారు. గెంతినప్పుడు జుట్టు ఎగరడం చూపించలేరు కనుక టోపీ పెట్టారు. చేతుల ఊపు కనిపించాలని చొక్కా ఒక రంగు, పైన తొడిగిన ఓవరాల్స్ ఇంకో రంగు వేశారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల పిల్లవాణ్ణి అడిగినా గుర్తుపట్టే ఆ రూపం పూర్తిగా ఇబ్బందుల్లోంచి పుట్టింది. పేరు మాత్రం అమెరికా నుంచి వచ్చింది. సియాటిల్ దగ్గర నింటెండో అద్దెకు తీసుకున్న గోదాము యజమాని పేరు మారియో సెగాలీ.

1985 సెప్టెంబర్ 13న వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం సైజు 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫోటో ఒక్కటే అంతకంటే పెద్దదిగా ఉంటుంది. చోటు ఆదా కోసం ఆకాశంలో మబ్బుకూ, నేల మీద పొదకూ ఒకటే బొమ్మ వాడి రంగు మార్చారు. ఎన్నో ఏళ్లు ఆడినవాళ్లు కూడా ఎవరైనా చెప్పాకే దాన్ని గమనిస్తారు.

సంగీతం కోజీ కొండోది. ఆయనకు ఆ యంత్రం ఇచ్చింది ప్రధానంగా మూడు స్వరాలు, తాళం కోసం ఒక గరగర శబ్దం. పాడే గొంతు లేదు, వాయిద్యాల నాదం లేదు. బాణీ మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉండాలి, ఎన్నిసార్లు తిరిగినా వినేవాడికి విసుగు పుట్టకూడదు. మారియో నడక, పరుగు, గెంతు అన్నిటికీ నప్పాలి. ఇన్ని షరతుల మధ్య ఆయన కట్టిన బాణీ 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగుల పట్టికలోకి ఎక్కింది. వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ ఏడాది పట్టికలోనే జాన్ లెనన్ 'ఇమాజిన్' కూడా ఉంది. 2025లో 'మైన్‌క్రాఫ్ట్' ఆట సంగీతం కూడా ఆ పట్టికలో చేరింది. ఇక గ్రామీ సంగతి. 'సివిలైజేషన్ 4' ఆట కోసం క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో స్వరపరచిన 'బాబా యేతు' 2011లో గ్రామీ గెలిచింది. 2023 నుంచి గ్రామీలో ఆటల సంగీతానికి విడిగా ఒక అవార్డే ఉంది.

మారియో తెలుగు ఇళ్లకు వచ్చిన దారి వేరు. 1990లలో టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బాలు మన ఊళ్లలోకి వచ్చాయి. పసుపురంగు క్యాసెట్లు, రెండు జాయ్‌స్టిక్‌లు, అట్టపెట్టె మీద లక్షల ఆటలున్నాయన్న మాట. అవి చాలావరకు నింటెండో యంత్రానికి నకళ్లు. వాటి వల్ల అసలు కంపెనీకి దక్కిందేమీ లేదు. అయినా 'మారియో', 'కాంట్రా', 'డక్ హంట్' ఈ దేశంలో ఒక తరం బాల్యంలో భాగమైపోయాయి. వేసవి సెలవుల్లో అన్నదమ్ములు వంతులేసుకుని ఆడారు. క్యాసెట్ పనిచేయకపోతే తీసి, అడుగున ఉఫ్ మని ఊది, మళ్లీ పెట్టారు. ఊదితే బాగవుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా ఆ అలవాటు అమెరికాలోని పిల్లలకూ ఉండేది, విజయవాడలోని పిల్లలకూ ఉండేది.

మారియోకు పోటీగా సెగా కంపెనీ 1991లో 'సోనిక్' అనే నీలిరంగు ముళ్లజీవిని (హెడ్జ్‌హాగ్‌ను) దింపింది. దాని ముద్ర ఎవరూ ఊహించని చోట పడింది. హార్వర్డ్‌లో క్లిఫ్ టాబిన్ ప్రయోగశాలలో 1993లో ఒక జన్యువును గుర్తించి, దానికి 'సోనిక్ హెడ్జ్‌హాగ్' అని పేరు పెట్టారు. గర్భంలో పిండానికి వేళ్లు వరసగా ఏర్పడటానికి, మెదడు రెండు భాగాలుగా విడివడటానికి ఈ జన్యువు కావాలి. దీనిలో లోపముంటే బిడ్డ మెదడు సరిగా విడివడదు. ఇంత విషాదకరమైన వ్యాధిని తల్లిదండ్రులకు వివరిస్తూ ఒక ఆట పాత్ర పేరు ఎలా పలకాలని కొందరు వైద్యులు బాధపడ్డారు. పేరు మాత్రం నిలిచిపోయింది. ఉస్మానియాలో అయినా, ఆంధ్రా మెడికల్ కాలేజీలో అయినా పిండశాస్త్రం చదివే విద్యార్థి ఆ పేరు దాటి వెళ్లలేడు.

ఇక పోకెమాన్. దీని దగ్గర కాస్త నిలబడాలి. ఏ ఆటా మనుషుల లోపలికి ఇంత దూరం వెళ్లలేదు.

సతోషి తజిరి టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగారు. చిన్నప్పుడు ఆయనకు పురుగులంటే ప్రాణం. చెరువుగట్ల మీద, చెట్ల కింద వెతికి పట్టేవారు. ఆయన పెద్దవుతుంటే నగరం పెరిగింది, చెరువులు పూడాయి, పురుగులు కనబడకుండా పోయాయి. తర్వాతి పిల్లలకు ఆ ఆనందం మళ్లీ దొరకాలన్న కోరిక ఆయనలో ఉండిపోయింది. నింటెండో గేమ్ బాయ్ యంత్రాలు రెండింటిని కలిపే ఒక తీగ ఉండేది. ఆ తీగ వెంట పురుగులు అటూ ఇటూ పాకుతున్నట్టు ఆయనకు తోచింది. అదే పోకెమాన్‌కు బీజం. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా ఆట విడుదలైంది. ఆటలో పట్టుకోవాల్సిన పోకెమాన్ అనే ప్రాణుల్లో కొన్ని ఒకదానిలోనే, ఇంకొన్ని రెండోదానిలోనే దొరుకుతాయి. అన్నీ కావాలంటే ఇంకో పిల్లవాడితో స్నేహం చేసి, తీగ కలిపి, ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. ఒంటరిగా గెలవలేని ఆటను చేత్తో పట్టుకుని ఆడే యంత్రంలో పెట్టడం ఆయన గొప్పదనం.

దీని తర్వాత జరిగింది తజిరి కోరికకు ఒక కఠినమైన జవాబు. 2002లో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఆండ్రూ బామ్‌ఫర్డ్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. బ్రిటన్‌లో బడిపిల్లలకు బొమ్మల కార్డులు చూపించారు. కొన్నిటి మీద అక్కడి మామూలు మొక్కలు, పురుగులు, జంతువులు, మిగతావాటి మీద పోకెమాన్‌లు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పోకెమాన్‌లలో దాదాపు 80 శాతం సరిగా చెప్పారు. తమ ఊళ్లోనే బతికే ప్రాణుల్లో గుర్తించింది సగం పైచిలుకు. ఆ శాస్త్రవేత్తలు పిల్లల్ని తప్పుపట్టలేదు. ప్రాణుల్ని గుర్తుపెట్టుకునే శక్తి ఈ పిల్లల్లో ఇంత ఉంటే, దాన్ని ప్రకృతి వైపు తిప్పడంలో పోకెమాన్ సృష్టికర్తలంత విజయం ప్రకృతి పరిరక్షకులు సాధించలేకపోతున్నారని అన్నారు. ఈ మాట తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని కరెంటు తీగ మీద చూసి పేరు చెప్పగల పదేళ్ల పిల్లలు ఒక్కో తరగతిలో ఎంతమంది ఉంటారో ఏ ఉపాధ్యాయుడైనా రేపే అడిగి చూడవచ్చు. పోకెమాన్‌లలో ఒకటైన పికాచూను ఎంతమంది గుర్తుపడతారో కూడా అడగాలి. ఆ రెండు అంకెల మధ్య దూరం మన పాఠ్యపుస్తకాలు చేయాల్సిన పనిని చూపిస్తుంది.

2019లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. చిన్నతనంలో పోకెమాన్ విపరీతంగా ఆడి, ఇప్పుడు పెద్దవాళ్లైన కొందరి మెదళ్లను స్కాన్ చేశారు. ఎప్పుడూ ఆడనివారి మెదళ్లతో పోల్చారు. ఆడినవారిలో, దృష్టికి సంబంధించిన భాగంలోని ఒక మడత పోకెమాన్ బొమ్మలు చూసినప్పుడు ప్రత్యేకంగా స్పందించింది. అదీ అందరిలో దాదాపు ఒకే చోట. కారణం కూడా సులువుగా తెలుస్తుంది. ఆ తరం పిల్లలందరూ అవే నలుపు తెలుపు బొమ్మల్ని, అదే చిన్న తెర మీద, అంతే దూరంలో పెట్టుకుని, అదే వయసులో గంటల కొద్దీ చూశారు. ఏ ప్రయోగశాలా అంతమంది పిల్లల చేత అలాంటి ప్రయోగం చేయించలేదు. ఒక ఆట చేయించింది. చిన్నవయసులో దేన్ని పదేపదే చూస్తే దానికి మెదడులో చోటు ఏర్పడుతుందని చెప్పే ఈ ఫలితం చదివాక, పిల్లల కళ్ల ముందు ఏం పెడుతున్నామన్న ప్రశ్న బరువెక్కుతుంది.

పోకెమాన్ చరిత్రలో చీకటిరోజు కూడా ఉంది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన ఒక పోకెమాన్ టీవీ కార్టూన్ భాగంలో ఎరుపు, నీలం వెలుగులు గబగబా మెరిశాయి. ఫిట్స్, వాంతులు, తలతిరుగుడుతో 600 మందికి పైగా పిల్లల్ని ఆస్పత్రులకు తీసుకెళ్లారు. ఆ తర్వాతే అక్కడి టీవీ సంస్థలు మెరుపుల విషయంలో నియమాలు రాసుకున్నాయి. 2016లో 'పోకెమాన్ గో' వచ్చి, కూర్చుని ఆడే పిల్లల్నీ పెద్దల్నీ వీధుల్లోకి నడిపించింది. అదే ఏడాది డిసెంబర్‌లో జియోతో కలిసి మన దేశంలోకీ వచ్చింది. నాజీల దారుణాల జ్ఞాపకంగా నిలిచిన ఔష్విట్జ్ మ్యూజియం తమ ఆవరణలో ఆడవద్దని కోరాల్సి వచ్చింది. ఆటకు హద్దు ఎక్కడ గీయాలన్నది కూడా ఈ సిరీస్‌లు సమాజం ముందు పెట్టిన కొత్త ప్రశ్నే.

టెట్రిస్ కథ మాస్కోలో మొదలైంది. 1984లో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ రాసిన, పైనుంచి పడే ముక్కలను పేర్చే ఆట అది. ఆయన వాడిన ఎలక్ట్రోనికా 60 యంత్రంలో బొమ్మలు గీసే వీలు లేకపోతే బ్రాకెట్ గుర్తులతోనే ముక్కలు కట్టారు. ఆట లోకమంతా చుట్టివచ్చినా ఆయనకు హక్కులు దక్కింది 1996లోనే. 1993లో సెరెబ్రోవ్ అనే వ్యోమగామి గేమ్ బాయ్‌లో టెట్రిస్ పెట్టుకుని 'మీర్' అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. అయితే దాని అసలు ప్రయాణం ఆస్పత్రి దాకా సాగింది. ఘోరమైన దృశ్యం చూసినవారికి అది కళ్ల ముందు మళ్లీ మళ్లీ మెదులుతుంటుంది. ఆ జ్ఞాపకం మెదడులో గట్టిపడే తొలి గంటల్లో, చూపుతో ఆలోచించే వేరే పని అప్పగిస్తే ఏమవుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం పరిశోధించింది. 2017లో రోడ్డు ప్రమాదం తర్వాత అత్యవసర విభాగానికి వచ్చిన 71 మందితో ప్రయత్నించారు. ప్రమాదం జరిగిన ఆరు గంటల లోపు టెట్రిస్ ఆడినవారికి తర్వాతి వారంలో ఆ పీడించే దృశ్యాలు బాగా తగ్గాయి. ఇది చిన్న అధ్యయనం. ఎవరూ దీన్ని సొంత వైద్యంగా తీసుకోకూడదు. కానీ కాలక్షేపం కోసం రాసిన ఆట మానసిక వైద్యుల చేతిలో పనిముట్టు కాగలదని తేలింది.

మైన్‌క్రాఫ్ట్ గురించి చెప్పేటప్పుడు హైదరాబాద్ పేరు రాక తప్పదు. స్వీడన్ యువకుడు మార్కస్ పెర్సన్ మొదలుపెట్టిన ఈ ఆటను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నది బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. అప్పటికి ఆయన ఆ కంపెనీ పగ్గాలు పట్టి ఏడాది కూడా కాలేదు. గెలుపూ ఓటమీ పెద్దగా లేని, దిమ్మెలు పేర్చుకునే ఆటకు అంత ధరా అని చాలామంది ఆశ్చర్యపోయారు. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి. అంతకన్నా చెప్పుకోవలసింది ఒక గ్రంథాలయం. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే 'రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్' సంస్థ 2020 మార్చిలో మైన్‌క్రాఫ్ట్ లోపలే కోటీ పాతిక లక్షల దిమ్మెలతో ఒక భవనం కట్టించింది. రష్యా, సౌదీ అరేబియా, వియత్నాం, ఈజిప్టు, మెక్సికోలలో నిషేధానికో బెదిరింపులకో గురైన విలేకరుల రచనలు అందులో పుస్తకాలుగా ఉన్నాయి. హత్యకు గురైన జమాల్ ఖషోగ్జీ వ్యాసాలూ ఉన్నాయి. వార్తల వెబ్‌సైట్లను మూసేసిన ప్రభుత్వాలు పిల్లల ఆటను మూయలేదు. ఆ సందులోంచి అక్షరం లోపలికి వెళ్లింది.

మన నేల మీద కూడా ఇలాంటి ముద్ర ఒకటి ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2000 తర్వాత జిల్లా కేంద్రాల్లోని నెట్ సెంటర్లలో కుర్రాళ్లు గంటకు ఇంతని కట్టి 'కౌంటర్ స్ట్రైక్', 'వైస్ సిటీ' ఆడారు. వాటితోపాటు 'క్రికెట్ 07' ఆడారు. 2006లో వచ్చిన ఆ ఆట తర్వాత ఈఏ స్పోర్ట్స్ కంపెనీ క్రికెట్ సిరీస్‌నే ఆపేసింది. అప్పటికి ఐపీఎల్ పుట్టనే లేదు. అయితే ఆడేవాళ్లు ఆపలేదు. ఏటా కొత్త జట్లు, కొత్త జెర్సీలు, కొత్త స్టేడియాలు తామే తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. కంపెనీ వదిలేసిన ఆటను ఇంకో పదిహేనేళ్లు బతికించింది పేరూ డబ్బూ ఆశించని మన ఉపఖండపు కుర్రాళ్లు. బొమ్మలు దిద్దడం, ఫైళ్లు విప్పి కూర్చడం కొందరు అక్కడే నేర్చుకున్నారు. పబ్జీ ఆట మీద 2020 సెప్టెంబర్‌లో నిషేధం వచ్చినప్పుడు మన పత్రికలు ఎన్నో పేజీలు రాశాయి. ఈ నిశ్శబ్దమైన పనికి మాత్రం అందులో కొంతైనా చోటు దక్కలేదు.

ఇంత ముద్ర వేసిన ఆటలు కళ్ల ముందే మాయమైపోతున్నాయి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్‌లో దొరకవని 'వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్' 2023లో తేల్చింది. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2012లో 'పాక్‌మాన్', 'టెట్రిస్' సహా 14 ఆటలను చిత్రాల, శిల్పాల సరసన చేర్చుకుంది. అవి పేరున్న ఆటలు గనుక వాటికి ఎవరో ఒకరు దిక్కుంటారు. మన క్యాసెట్లకూ, మన కుర్రాళ్లు చేసిన క్రికెట్ ఫైళ్లకూ మనమే దిక్కు.

అందుకే శ్రోతలకు ఒక విన్నపం. అటక మీద పాత వీడియో గేమ్ డబ్బా ఉంటే తూకానికి వేయకండి. పాత కంప్యూటర్లో మీరో మీ తమ్ముడో చేసిన జట్లు, జెర్సీలు ఉంటే వేరే డిస్క్‌లోకి ఎక్కించి, ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు చేశారో ఒక కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి. కంప్యూటర్ కోర్సులు నడిపే కాలేజీలు ఇలాంటివాటిని సేకరించే పనిని విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వాలి. గ్రంథాలయాలు ఒక అలమర కేటాయించాలి. ఆ ఆటలు ఆడినవాళ్లు ఇంకా ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు, అడిగితే చెబుతారు. ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.